తట్టు మాట

పొద్దున టీకా వేయించుకొచ్చిన పసిదాని ఒళ్ళు మధ్యాహ్నానికి కాలిపోసాగింది. కోడలు ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలిస్తుంటే, అత్తగారు దుప్పటి తెచ్చారు.

“కప్పమ్మా.”

“వద్దత్తయ్యా. పల్చటి చొక్కా చాలన్నారు నర్సు.”

“నిక్షేపంలాంటి పిల్లని తీసుకెళ్ళి పొడిపించుకొచ్చావు.”

“ఒకటి రెండు రోజులు జ్వరం మామూలేనట. డాక్టరు చెప్పినన్ని చుక్కలు మందు వేశాను.”

“మామూలా? మీ ఆయనకంటే ముందు నాకో కొడుకు పుట్టాడు. వాడికీ ఇలాగే ఒళ్ళు కాలింది. పాలు ముట్టలేదు. దక్కలేదు.”

ఈ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తని మాట అది.

“ఏం జబ్బత్తయ్యా?”

“తట్టు. అప్పట్లో మాకీ సూదులెక్కడివి?”

అన్నాక ఆవిడే దుప్పటి మడిచి పక్కన పెట్టారు.

“ఇది పాలు తాగుతోంది, చూడండి. తాగకపోయినా, మగతగా పడున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెడదాం. మీరు నా పక్కనే కూర్చోండి.”

అత్తగారు కూర్చుని, మనవరాలి గుటకలు వింటూ చాలాసేపు ఉండిపోయారు.

“తట్టు సూది ఎప్పుడు వేస్తారు?”

“తొమ్మిదో నెల నిండాక.”

“నేనూ వస్తాను. పొడిచేటప్పుడు నా ఒళ్ళో పెట్టుకుంటా. నీకసలే గుండె చాలదు.”