పద్నాలుగో రోజు లెక్క

వెయ్యి తొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూలై ఐదవ తేదీ, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు, అంటే కార్యాలయం తలుపు తెరవడానికి సరిగ్గా ఇరవై నిమిషాల ముందు, ఇరవై ఆరేళ్ళ యువతి ఒకరు మన విత్తన పరీక్షా కేంద్రం వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ కనిపించారు. తాళం తీయవచ్చిన కావలిదారు "ఎవరమ్మా, ఏం కావాలి?" అని అడిగితే, "ఇక్కడ రోజూ ఎంత చప్పుడు ఉంటుంది?" అని ఎదురు ప్రశ్న వేశారు. నియామక పత్రం ఆ తరువాతే చూపించారు. ముప్పై ఒక్క సంవత్సరాల రెండు నెలల ఇరవై ఆరు రోజుల సేవను ముగించుకొని నేడు పదవీ విరమణ చేస్తున్న మన విశ్లేషకురాలు, మనమందరం మొదట చాటుగానూ, పిమ్మట ఆమె అనుమతితో ఎదుటనూ 'గింజలమ్మగారు' అని పిలుచుకుంటున్న విదుషీమణి, వారే. ఇరవై ఆరో రోజును కలపమన్నది కూడా వారే, ఎందుకంటే ఇవాళ కూడా పని చేస్తున్నారు.

ఇటువంటి సందర్భాలలో వాడితీరవలసిన మాటలు కొన్ని ఉన్నాయని ఈ వ్యాసకర్త ఇన్నాళ్ళూ నమ్మాడు. నిత్యమందహాసం, స్నేహశీలం, అందరినీ కలుపుకుపోయే సౌజన్యం వగైరాలన్నీ చేర్చి ఒక ప్రతి సిద్ధం చేసి, మర్యాద కోసం ఆమెకు చూపించాడు. మర్నాడు అది పదిహేడు చోట్ల ఎర్ర సిరా కొట్టివేతలతో తిరిగివచ్చింది. 'నిత్యమందహాసం' పక్కన "ఎప్పుడు?" అని ఉంది. 'అందరితోనూ కలివిడిగా' పక్కన "లేను. మీకు తెలుసు" అని ఉంది. వ్యాసకర్తకు ఒళ్ళు మండిన మాట నిజం. రెండు రోజులు మాట్లాడలేదు కూడా; మాట్లాడలేదన్న సంగతి ఆమె గమనించనే లేదు. అందువల్ల మీరు చదువుతున్నది రెండో ప్రతి. ఇందులో మిగిలినవన్నీ భూతద్దం కింద నిలిచిన వాక్యాలే.

మన కేంద్రానికి రావడానికి ముందు ఆరేళ్ళలో ఆమె ఐదు ఉద్యోగాలు చేశారు. బట్టల దుకాణంలో పంతొమ్మిది రోజులు: "ఈ రంగు నాకు నప్పుతుందా?" అని అడిగిన ఒకావిడతో "నప్పదండీ. పైగా రెండు ఉతుకులకే వెలిసిపోతుంది" అన్నారు, యజమాని పక్కనే నిలబడి ఉండగా. ఆసుపత్రిలో టెలిఫోను బల్ల దగ్గర నాలుగే రోజులు. గంట మోగినప్పుడల్లా రెండు చెవులూ మూసుకునేవారు. బడిలో ఒక ఏడాది పిల్లలకు లెక్కలు చెప్పారు, పిల్లలకు అర్థమయ్యేవి కూడా. అయినా ఏడాది చివర పెద్ద పంతులమ్మ పిలిచి, "పాఠం బాగానే చెప్తావమ్మా. మరి మాతో కలవవేం? అంత పొగరేమిటి?" అన్నారట. తరువాత ఒక ముద్రణాలయం, అక్కడ యంత్రాల హోరు. ఆ తరువాత బీమా కార్యాలయం, అక్కడ నెత్తిమీద రోజంతా జుమ్మనే ట్యూబులైటు.

ప్రతిసారీ ఇంటికి వచ్చి చెప్పవలసిందే కదా. తండ్రి "మళ్ళీనా?" అని ఊరుకునేవారు. తల్లి ఊరుకునేవారు కాదు. "ఊళ్ళో అందరూ సర్దుకుపోవడం లేదూ? నీ ఒక్కదానికే ఏం పుట్టిందే?" అనేవారు. తనకు చేతకాక కాదు, ఒంట్లో బాగాలేక కాదు, బద్ధకం అసలే కాదు; మరేమిటో తనకే తెలియకపోవడం ఆమెను ఎంతగా కుంగదీసిందో, ఆ రోజుల్లో ఆమె ఎన్ని సందుల వెంట గమ్యం లేకుండా నడిచారో ఆమె చెప్పగా విన్నవారికి తెలుసు. చివరకు ఒక నోటుపుస్తకం కొని, ఏ ఉద్యోగంలో పని వల్ల ఇబ్బంది వచ్చిందో, ఏ ఉద్యోగంలో పని చుట్టూ ఉన్నవాటి వల్ల వచ్చిందో రెండు వరుసలుగా రాసుకున్నారు. మొదటి వరుసలో ఒక్క అక్షరం పడలేదు. రెండో వరుస నాలుగు పుటలు నిండింది. అప్పుడు మన కేంద్రం ప్రకటన కంటబడింది: "గంటల తరబడి ఒంటరిగా, మౌనంగా కూర్చొనవలసి ఉండును. ఓపిక లేనివారు దరఖాస్తు చేయనవసరం లేదు." మిగతా అభ్యర్థులను భయపెట్టిన ఆ వాక్యాన్ని ఆమె కత్తిరించి నోటుపుస్తకంలో అతికించుకున్నారు.

ఉత్తరపు కిటికీ దగ్గర బల్ల, ఒక భూతద్దం, ఒక సన్నని కుంచె. నూరేసి చొప్పున నాలుగు తడి కాగితాల మీద గింజలు పేర్చడం, వాటిని మొలకల అలమరలో ఉంచడం, ఏ గింజ మొలిచింది, ఏది వంకరపోయింది, ఏది కుళ్ళిందన్నది నిర్ణీతదినాన లెక్కించి సంతకం చేయడం. పెట్టినవారే లెక్కించాలన్నది మన కేంద్రం కట్టుబాటు. ఆ కట్టుబాటును ఆమె పాటించినట్టు మరెవరూ పాటించలేదు. చెవుల్లో దూది, పదకొండు గంటలకు వసారాలో పన్నెండు చుట్లు, మళ్ళీ బల్ల. నమస్కారానికి ప్రతినమస్కారం ఉండేది కాదు గనుక మనలో చాలామందిమి ఆమెకు తలబిరుసు అంటగట్టేశాం. ఆ చాలామందిలో వ్యాసకర్త మొదటివాడు.

ఒక పూలమొక్క విత్తనాల నమూనాలో అరవై ఒక్క గింజలు గడువు తీరినా మొలవలేదు. ఆమె సెలవులో ఉన్న రోజు కావడం చేత వ్యాసకర్తే కాగితం తీసుకొని 'చచ్చినవి' అని రాసిపారేశాడు. మర్నాడు ఆమె వచ్చి, పట్టుకారుతో ఒక్కొక్క గింజనూ నొక్కి చూసి, కాగితం తెచ్చి అతని ముందు పెట్టారు.

"చచ్చిన గింజ నొక్కితే నలుగుతుందండీ. ఇవి గట్టిగా ఉన్నాయి."

"గడువు అయిపోయింది కదా?"

"గడువు మనది. వీటికి ఈ వేడి పడలేదు. వారం చల్లగా పెట్టి చూడండి, తర్వాత రాసుకోండి మీ ఇష్టం."

వారం చల్లగా ఉంచి బయటకు తీస్తే యాభై ఎనిమిది మొలిచాయి. సొంత చేత్తో రాసిన ఆ మాటను వ్యాసకర్త సొంత చేత్తోనే కొట్టివేశాడు. ఆనాటి నుంచి ఆమె పట్ల అతనికి కలిగిన గౌరవం ఎటువంటిదంటే, ఆమెకు ఏదో ఒక మేలు చేసి తీరాలని పట్టుబట్టాడు. అదే అతని జీవితంలోకెల్లా పెద్ద తప్పు అయింది.

రెండు వేల ఎనిమిదిలో ఆమెకు పదోన్నతి ఇవ్వాలని సిఫారసు రాసినది ఈ వ్యాసకర్తే. విశేషణాలు ధారాళంగా వాడాడు. ఉత్తర్వు వచ్చింది, మనమందరం మిఠాయిలు తిన్నాం, ఆమెను తీసుకెళ్ళి ముందుగదిలో కూర్చోబెట్టాం. మూడు టెలిఫోన్లు, రెండు ట్యూబులైట్లు, నమూనా తప్పిందని అరిచే వ్యాపారులు, వారానికి నాలుగు సమావేశాలు. పదకొండో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె కనబడలేదు. వెతగ్గా వెతగ్గా విత్తనాలు నిలవచేసే చల్లగదిలో, సంచుల మధ్య, నేలమీద, మోకాళ్ళు కావలించుకొని కనిపించారు. మూడు గంటలుగా అక్కడే ఉన్నారు. ఒళ్ళో రాజీనామా పత్రం ఉంది.

"మీరు నాకు మంచి చేశాననుకున్నారు," అన్నారు తలెత్తకుండా. "నన్ను అడగలేదు."

"ప్రమోషన్ వద్దని ఎవరైనా అంటారా అండీ?"

"నేనంటాను. ఇది నాకు ఆరో ఉద్యోగం. కిటికీ దగ్గర ఉన్నన్నాళ్ళూ ఇదే ఆఖరిదనుకున్నాను. ఏడోది వెతికే ఓపిక నాకు లేదు."

వ్యాసకర్త సిగ్గుతో చితికిపోయాడు. ఆనాటి సంచాలకురాలు ఆ పత్రాన్ని సొరుగులో పెట్టి, పదోన్నతి రద్దు చేయవలసిందిగా ప్రధాన కార్యాలయానికి రాశారు. ఉన్నపళంగా కింది మెట్టుకు దిగుతామన్నవారు సృష్టిలో లేరు కాబట్టి, టైపింగులో పొరపాటు దొర్లినదా అని అక్కడి నుంచి మూడుసార్లు తాఖీదు వచ్చింది. ఎనిమిది నెలలకు గానీ ఆమె తిరిగి ఉత్తరపు కిటికీ చేరలేదు. చేరిన రోజున దూది పెట్టుకొని, కుంచె పట్టుకొని, ఏమీ జరగనట్టే గింజలు పేర్చసాగారు.

రెండు వేల పదిహేనులో చెల్లెలి పదకొండేళ్ళ కూతురిని వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళినప్పుడు, బిడ్డ గురించి నింపమని ఇచ్చిన పత్రం ఈమె చేతికి వచ్చింది. పత్రాలంటే ఆమెకు ఇష్టం. ఇంకొకటి అడిగి తీసుకొని రెండూ నింపారు.

"ఈ రెండోది ఎవరిదమ్మా?" అన్నారు వైద్యురాలు.

"నాదండీ. ప్రశ్నలన్నీ నా గురించే ఉన్నాయి."

ఆటిజం అన్న మాట ఆమెకు ఆ విధంగా నలభై తొమ్మిదో ఏట దొరికింది. మరుసటి వారం మన నోటీసు బోర్డు మీద, నీళ్ళ తొట్టి శుభ్రం చేసే తేదీకీ సెలవుల జాబితాకూ నడుమ, ఆమె చేతిరాతతో చిన్న కాగితం వెలిసింది: "నాకు ఆటిజం ఉందని వైద్యులు నిర్ధారించారు. నేను పలకరించకపోతే కోపమని అనుకోవద్దు." ఇరవై రెండేళ్ళు ఆమెను అపార్థం చేసుకున్న మనకు ఆ రెండు వాక్యాలు చాలాయి. తల్లికి మాత్రం ఆమె స్వయంగా వెళ్ళి చెప్పారు. అప్పటికి మంచం పట్టిన ఆ పెద్దావిడ, "అయితే నువ్వు కావాలని చేయలేదన్నమాట," అన్నారు. "లేదమ్మా," అన్నారు ఈమె. ఆ ఒక్క మాట చెప్పగలగడానికి తనకు సగం జీవితం పట్టిందని ఆమె మనతో అన్నారు. ఈ వాక్యాన్ని కొట్టివేయలేదు.

ఇక నిరుటి మాటలు కాదు, ఈ వారం రోజుల మాట. నమూనాలు పంచే పని వ్యాసకర్తది. సెప్టెంబరు ఇరవై మూడున, చేతికి అలవాటైన చొప్పున, తుది లెక్క పద్నాలుగో రోజున పడే ఒక టమాటా విత్తనాల నమూనా తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాడు. విరమణ చేయబోయేవారికి కొత్త నమూనా ఇవ్వకూడదన్న స్పృహే లేదు. ఆ బల్ల దగ్గర ఆమె లేని రోజు ఒకటి వస్తుందని అతని చేతులకు తెలియలేదు. ఆమె నాలుగు వందల గింజలూ పేర్చి, అలమరలో పెట్టి, అప్పుడు కాలెండరు చూశారు. ఆ నిమిషం నుంచి పన్నెండు చుట్లు కాస్తా లెక్కలేని చుట్లయ్యాయి. కుర్చీలో కుదురుగా కూర్చోలేరు, తిండి సయించదు, ఎవరేం అడిగినా తేదీ చెబుతారు.

"పద్నాలుగో రోజు అక్టోబరు ఏడు. నేను ముప్పైన వెళ్ళిపోతున్నాను."

"ఎవరో ఒకరం లెక్కపెడతాం లెండి," అన్నాడు వ్యాసకర్త.

"నేను పెట్టింది ఇంకొకరు లెక్కపెట్టింది ఒక్కసారే. ఏం రాశారో గుర్తుందా?"

గుర్తుండకేం. తల వంచుకున్నాడు. ఆమె ఇంకో చుట్టు నడిచి వచ్చి, అసలు సంగతి అప్పుడు చెప్పారు.

"మా చెల్లెలి కూతురు మూడో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. పెద్దమ్మా, నీకెలా దొరికిందే అని అడుగుతుంది. నా నోటుపుస్తకం ఇచ్చాను. నువ్వు ఏం చేయగలవో తర్వాత, రోజూ ఏది భరించగలవో ముందు రాసుకో అని చెప్పాను. దొరకడం గురించి నాకు తెలుసండీ. దొరికింది వదిలేసి వెళ్ళడం ఎలాగో ఎవరూ రాసిపెట్టలేదు."

వ్యాసకర్త వెళ్ళి కట్టుబాట్ల పుస్తకం తిరగేశాడు. అందులో 'నమూనా పెట్టిన విశ్లేషకులు తుది లెక్కకు విధిగా హాజరు కావలెను' అని ఉన్నదే గాని, ఆనాటికి ఉద్యోగంలో ఉండవలెనని ఎక్కడా లేదు. ఆ పుట తీసుకెళ్ళి నేటి సంచాలకుల ముందు పెడితే, వారు రెండుసార్లు చదివి, అక్టోబరు ఏడవ తేదీకి ప్రవేశపత్రం మీద సంతకం చేశారు. ఈసారి మాత్రం సంచాలకుల దగ్గరకు వెళ్ళేముందే వ్యాసకర్త ఆమెను అడిగాడు. "ఇది కావాలా అండీ?" అంటే, "కావాలి," అన్నారు. బహుమతిగా మనం కొన్న గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంది గనుక దుకాణానికి తిరిగి వెళ్ళింది. ఈ ప్రవేశపత్రమే బహుమతి. నేటి సభ పన్నెండు నిమిషాలు, మైకు ఉండదు, చప్పట్లు ఉండవు. ఎనిమిదో తేదీ ఉదయం ఆమె ఎక్కడ నడుస్తారో మనకెవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు. ఏడో తేదీ మాత్రం తలుపు ఎనిమిది నలభైకే తీసి ఉంటుంది.

గింజలమ్మగారు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో, తమకు నచ్చిన నిశ్శబ్దంలో, నూరేళ్ళ నిండు జీవితం గడపాలని మన కేంద్రం సిబ్బంది యావన్మందీ, వారి చెల్లెలి కుటుంబమూ మనసారా ఆకాంక్షిస్తున్నాము. రుజువు లేని మాట గనుక ఈ వాక్యమూ పోతుందనే వ్యాసకర్త అనుకున్నాడు. ప్రతి తిరిగివచ్చాక చూస్తే, కొట్టివేత లేదు, పక్కన ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది: "దీనికి పరీక్ష లేదు. ఉండనివ్వండి."