పెత్తరమాస దాటినంక వచ్చిన చలిగాలి

కొంరవ్వ అని ఒకామె ఉండె. మా కురుమోల్ల ఆడిదే. మొగడు సచ్చిపోయిండు, పిల్లలు లేరు, ఉన్నయల్ల అరవై గొర్లు. గా గొర్లే ఆమెకు పిల్లలు, భూమి, బంగారం, అన్ని అవే అనుకో. ఆమెకు బావ, అంటె మొగని అన్న, మల్కయ్య అని ఉండె. ఆయనకూ అరవై గొర్లే. అన్నదమ్ములు ఏరుపడ్డనాడు చెరిసగం పంచుకున్నరంట. మల్కయ్య అంటె ఉత్త మనిషి గాదు, మా కులానికి పెద్ద. గొర్ల బొచ్చు ఏ రోజు తియ్యాల్నో ఆయనే చెప్పాలె. ఎట్ల జెప్తడంటరా? పెత్తరమాసనాడు, గదే పెద్దలకు బియ్యమిచ్చే అమాసనాడు, పొయ్యి మందల నడుమ పండుకుంటడు. గొర్లు ఇడివిడిగ పండినయనుకో, ఎండ కాస్తది, కత్తెర పట్టచ్చు. ఒకదానికొకటి అతుక్కొని ముడుసుకున్నయనుకో, చలి వస్తది, కత్తెర ముట్టద్దు. గంతే లెక్క. ముప్పై ఏండ్ల సంది ఆయన మాట తప్పలేదంట. రేడియో తప్పుతది గని మల్కయ్య తప్పడు అనెటోల్లు మా ఊరోల్లు.

ఆ యేడు ఏమైందంటె, అమాసకు ముందుగాల వానలు పడి అంత బురద బురద అయింది. గొర్లు మురికయినయని అందరు తొందరపడి, అమాస పొద్దుగాలనే వాగుకు తోలి కడిగిండ్రు. ఎప్పుడైన పెద్దాయన చెప్పినంకనే కడుగుడు, ఈసారి ముందుగాలనే కడిగిండ్రు. ఇగ మల్కయ్య మందల పండుకుంటె, గొర్లన్ని దగ్గరికి ముడుసుకున్నయంట. తెల్లారి లేచి ఆయన నవ్విండంట. ఇది చలి గురుతు గాదురా, తడిసినయి, వణుకుతున్నయి, గంతే, మూడొద్దులకు కత్తెర పట్టుండ్రి అన్నడంట. అందరు నిజమే అనుకున్నరు. నేనున్నా గట్లనే అనుకుందును. మీరైతె అనుకోకపోదురా? అబ్బో, పెద్ద తెలివిగల్లోల్లు! ఓ పోరీ, ఆ సెల్లు పక్కకు వెట్టి ఇను.

కొంరవ్వ దొడ్లె ఒక సూడి గొర్రె ఉండె. ఇయ్యాలనో రేపో ఈనెటట్టుంటె దాన్ని వాగుకు తోలలే. సుక్క నీల్లు తగల్లేదు దానికి. మూడోనాడు కొంరవ్వ మ్యాత ఎయ్యవోతె, అది ఉత్తరానికి ఈపు వెట్టి, గోడకు అతుక్కొని నిలవడ్డదంట. ఎండ సుర్రుమంటున్నది. బయటికి గుంజితె రాదు, మ్యాత ముట్టది. ఇదేందే తల్లీ, నువ్వు తడవలే గదా, నీకేం చలే అని అడుగుకుంటనే ఆమెకు సంగతి తెల్సిపోయింది. తడవనిది ముడుసుకుంటున్నదంటె, తడిసినయి తడిసినందుకు ముడుసుకోలే! ఇగ చూడు, కొంగు బిగించుకొని ఉరికింది.

ఆమె ఉరికేసరికి చేన్ల మల్కయ్య గొర్లన్నిటికి బొచ్చు తీసుడు అయిపోయింది. పెద్దోల్ల మంద ముందుగాల, అటెంక కొంరవ్వది, అటెంక తక్కినోల్లయి, అది వరుస. మా అయ్య కూడ ఆడ కత్తెర వట్టినోడే, ఆయన నోటెంటనే నేనిన్న. "ఓ బావా, కత్తెరలు ఆపుండ్రి, చలి వస్తున్నది!" అని ఒర్లింది. మల్కయ్య రుమాలతోని మెడ తుడుసుకుంట, "నాకు చెమటలు కారుతున్నయి, నీకు చలి పుట్టిందా పిల్లా?" అన్నడు. అందరు పక్కున నవ్విండ్రు. ఆమె సూడి గొర్రె సంగతి చెప్పింది. ఆయనకు రోషమొచ్చింది. నీ గొర్రె నాకు కాలం జెప్తదా, ముప్పై ఏండ్ల సంది చెప్తున్నోన్ని నేను పిచ్చోన్నా అన్నడు. "నా గొర్లను ముట్టనియ్య బావా." "ముట్టనియ్యకుంటె పో. ఇగ మా కత్తెరలు నీ దొడ్డికి ఎన్నడు రావు" అన్నడు. గంత మాటన్నడు. ఒంటి ఆడిది, కులపోల్ల చెయ్యి లేకుంటె ఎట్ల బతుకుతది? అయినా మాట మీదనే నిలవడ్డది. బొచ్చు తియ్యనీకె తోలుకొచ్చి ఆడనే కంచెల వెట్టిన తన మంద కాడ పొయ్యి కూసున్నది.

పొద్దు మల్లింది. ముందుగాల గాలి ఆగిపోయింది. ఆకు కదలదు, పిట్ట పలకది. మా అయ్య ఉత్తరం దిక్కు చూసిండంట. ఈ కొస నుంచి ఆ కొస దాక, నేల మీదికెల్లి లేచినట్టు ఒక నల్లటి గీత. చూస్తుంటనే అది ఎత్తయింది, ఇంక ఎత్తయింది, నల్ల గొంగడి ఎవరో ఆకాశం మీదికి గుంజుతున్నట్టు వచ్చింది. ఇటు దిక్కు ఎండ, అటు దిక్కు చీకటి, నడుమ కొంగలు బారులు బారులుగ తెల్లగ మెరుసుకుంట ఉరుకుతున్నయి.  చలి ముందుగాల కాళ్లకు తగిలిందంట. మోకాళ్లకు వచ్చింది, నడుముకు వచ్చింది, అటెంక ఒక్కపెట్టున గాలి! దండం పెట్టబుద్ధయింది బిడ్డా, ఎవరికి పెట్టాల్నో తెల్వలే అన్నడు మా అయ్య. చలి వచ్చే కాలమా అది? పెత్తరమాస దాటి మూడొద్దులే! ఇగ రాళ్లవాన మొదలైంది.

మల్కయ్య గొర్లు చర్మం ఎర్రగ, బోడిగ, కాళ్లు ముడిసి కూలవడ్తున్నయి. ఊరు కోసెడు దూరం. ఆయన భుజం మీది గొంగడి తీసి ఒక గొర్రె మీద కప్పిండు. మల్ల తీసి ఇంకోదాని మీద కప్పిండు. అరవై గొర్లు, ఒక్క గొంగడి! పిచ్చోని లెక్క అటు ఇటు తిరుగుతున్నడు గని మరదలి దిక్కు చూడలేకపోయిండు.

కొంరవ్వ చూసింది. ఆమెకు తెల్సు, రెండు మందలు కలిపితె బయట నిలవడేటియి తనవే. సచ్చేటియి తనవే. ఒక్క గడియ కండ్లు మూసుకున్నదంట. లేచి కంచె గుంజి పారేసి, "తోలుకరా బావా!" అన్నది. ఏరుపడ్డ మందలు కలుపుడు మా కులంల లేదు. మల్కయ్య, "నీయి బయట నిలవడ్తయే పిల్లా" అన్నడు. "నాయి బొచ్చుతోనున్నయి. నీయి ఏంతోనున్నయి?" అన్నది. బోడి గొర్లను లోపటికి దొబ్బిండ్రు. అప్పుడు జూడాలె! ఎవ్వరు చెప్పలే, ఎవ్వరు కట్టె పట్టలే, కొంరవ్వ గొర్లు సుట్టు జరిగి, తలకాయలు లోపటికి వెట్టి, ఒకదానికొకటి ఆనుకొని గోడ లెక్క నిలవడ్డయంట. ఈపుల మీద రాళ్లు పటపట పడ్తున్నయి, ఒక్కటి కదలలే. నడుమల నుంచి ఆవిరి లేస్తున్నది. మొగోల్లు సుట్టు నిలవడి చూసుకుంట ఏడ్సిండ్రంట.

దీపాల యాల్లకు వాన ఆగింది. మంద మెల్లగ ఇచ్చుకున్నది. అప్పుడు ఉత్తరం దిక్కు మూడు గొర్లు దబ్బున పడ్డయి. ఎప్పుడో సచ్చినయంట. పక్కదానికి ఆనుకొని, సచ్చి కూడ గోడల్నే నిలవడ్డయి. మల్కయ్యవి ఒక్కటి పోలే. కొంరవ్వ ఆ మూడింటి మీద పడి, నా తల్లులారా, నేనే మిమ్ముల నిలవెట్టిన్నే అని ఏడ్సింది.

మా కులంల సచ్చిన గొర్రెను ఎవ్వరన్న పాతివెడ్తరా? తోలు తీస్తరు, కూర వండుకుంటరు, సిగ్గేంది. ఒకడు కత్తి తీసిండు కూడ. మల్కయ్య వాని చెయ్యి వట్టుకున్నడు. పారతోని తనే గుంత తవ్విండు, ఎవ్వర్ని పట్టనియ్యలే. ఆ ఒక్క గొంగడి కింద పరిసి, మూడింటిని పండవెట్టి, "కులపోల్లారా, మన్ను ఎయ్యిండ్రి. మనింటి మనుషులకు ఎట్ల ఏస్తరో అట్ల ఎయ్యిండ్రి" అన్నడంట. అందరు వరుసగ వచ్చి పిడికెడు పిడికెడు ఏసిండ్రు.

ఇప్పుడు టీవీల ఒక పిల్ల నిలవడి, ఉత్తరం నుంచి చలిగాలులు అని చెయ్యి ఊపుకుంట నవ్వుకుంట చెప్తది. మంచిగనే చెప్తది, నేను కాదన్ననా? గని ఆమె చెయ్యి ఊపినప్పుడల్ల నేను మాత్రం ఆ మూడు యాదికొచ్చి లేచి నిలవడ్తనే. మోకాళ్ల నొప్పా ముసల్దానా అని నా మనుమరాలు నవ్వుతది. నవ్వనీ.