ఏడో కథలో చిల్లు

అలా చూడకురా మిల్ట్! టోలీడో దాకా పోయి తెచ్చుకున్న బొమ్మల పుస్తకంలో కూడా చిల్లుంటే నన్నేం చెయ్యమంటావు? నేనేమైనా ఆ అమ్మినావిడ అటకెక్కి కత్తెర వేసొచ్చానా?

కాఫీ తాగు, చల్లారిపోతోంది. నేనే పెట్టాన్లే. మా ఆవిడ ఇర్మా ఇంట్లో లేదు. చర్చిలో ఏదో పనుందిట. శనివారం పొద్దున చర్చిలో ఈవిడకేం పనో! నువ్వొస్తున్నావని తెలిసి మరీ పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలీదనుకుంటున్నారు, మీరిద్దరూ.

ఇలా తే, చూడనీ. ఆ... అదే చోటు. కథ ఆఖరి పేజీ, కింద ఎడమ మూల. ఒక పక్క ఈల కూపను, దాని వెనక పక్క కథలో రెండు బొమ్మలు. నలభయ్యొకటిలో ప్రతి వెధవా కత్తిరించాడు దాన్ని. "గంటమనిషి ఈల కావాలా? పేరూ ఊరూ రాసి, పది సెంట్లు జతచేసి పంపండి!" వెనకేం పోతోందో చూసుకునే తీరిక ఎనిమిదేళ్ళవాడికి ఉంటుందా చెప్పు?

ఆ టోలీడో ఆవిణ్ణి నమ్మడమేంట్రా అసలు! "పుస్తకం చెక్కుచెదరలేదు" అని ఉత్తరం రాసిందా? ఈ కాలంలో ఎవడు నిజం రాస్తాడు? నన్నడిగితే ఆవిడ మనవడే కత్తిరించుంటాడు మొన్న. ఊహూ... కాదులే. అంచు పచ్చబడింది. పాతదే.

ఏం, భూతద్దం పెట్టి చూస్తే తప్పా? నీ మీద అనుమానమని కాదు. ఉన్నా తప్పులేదు. ముప్పై ఏళ్ళుగా ఒకటే పాట పాడే మనిషివి, ఇవాళే క్లబ్బు పుస్తకంలో అచ్చయ్యే చివరి వరస వేసే రోజు, ఇవాళే రెండో కాపీ దొరికిందని వచ్చి కూర్చుంటే ఎవడికైనా అనుమానం రాదూ?

నేనేమైనా పగబట్టానా ఆ ఏడో కథ మీద? ప్రతి అక్టోబరూ క్లబ్బువాళ్ళం ఆరుగురం లైబ్రరీ కింది గదిలో చేరి, నా పన్నెండు గంటమనిషి పుస్తకాలూ మళ్ళీ చదివి, చీటీల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా వరస రాస్తున్నాం. నేను మూడోదాన్ని పైన పెడతాను. వంతెన కూలే కథ. గంటమనిషి గుండె మొదటిసారి ఖంగున మోగేది అందులోనే! అది కదా కథంటే. నువ్వేమో ఏడోది పైన రాస్తావు. నేను దాన్ని అట్టడుగున రాస్తాను. తక్కిన నలుగురూ నా మొహం చూసి రాస్తారు. తెలుసు నాకు. పుస్తకాలు నావి కదా మరి.

ఏడోదాంట్లో ఏముందిరా? బేకరీ అంటుకుంది. వీరుడు లోపలికి దూకాడు. పై వరసలో పొగకి సొమ్మసిల్లి పడున్నాడు. కింద కుడి మూల బొమ్మలో వీధిలో నిలబడి నవ్వుతున్నాడు. ఎలా బయటపడ్డాడు? మధ్యలో చిల్లు! చిల్లుకి మొదటి స్థానం ఇమ్మంటావా?

ఆ... మొదలుపెట్టకు. "మా నాన్న గీశాడు, ఆ రెండు బొమ్మల్లో మా అమ్మని పెట్టానన్నాడు." ముప్పైసార్లు విన్నాను. మీ నాన్న సాల్ మంచివాడే, కాదన్నానా? కానీ పేరెక్కడుంది? బొమ్మల మీద వేరెవడి పేరో వేసే కంపెనీలో కూలికి గీసినవాళ్ళు బోలెడంతమంది. అందరి కొడుకులూ ఇలాగే వచ్చి కూర్చుంటే?

కాఫీ అలా పక్కకి తోసేశావేం? నీకు తెలుసు కదూ.

తెలుసు! తెలిసే కూర్చున్నావు, నా నోటితోనే చెప్పించాలని. ఇర్మా చెప్పేసింది. మొన్న ఆదివారం ఫోన్లో నీతో గుసగుసలాడుతుంటే నా చెవులారా విన్నాను. నేను వంటింట్లోకి రాగానే "ఆపిల్ పై వండడం ఎలాగో అడుగుతున్నాడు" అంది. ఎవరు, నువ్వా! గుడ్డు ఉడకబెట్టడం రాని నువ్వా! నా బల్ల సొరుగు కూడా ఎవరో కదిపారు. లోపల పొగాకు డబ్బా మూత వంకరగా ఉంది. నేనెప్పుడూ వంకరగా పెట్టను.

సరే. సరేరా. నువ్వే గెలిచావు. విను.

ఆ కూపను నేను పంపలేదు. కత్తిరించాను, పేరు రాశాను, "గస్ హుడాక్, క్లీవ్‌లాండ్" అని వంకర అక్షరాలతో. పది సెంట్లు మా నాన్ననడిగాను. బొగ్గు బండి దిగి అప్పుడే వచ్చాడాయన. ఈలకా అని చెంప పగలగొట్టాడు. ఇక పంపేదేముంది? పొగాకు డబ్బాలో పడేశాను. అక్కడే ఉంది, యాభయ్యయిదేళ్ళు.

వెనక బొమ్మలూ ఉన్నాయి. ఉండకేం చేస్తాయి?

నువ్వు మొదటిసారి క్లబ్బులో లేచి మీ అమ్మ సంగతి చెప్పావు చూడు, అరవయ్యారులో... అందరూ నా వైపు తిరిగారు. పుస్తకం నాది, చిన్నప్పుడు చిల్లు పడకముందు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. "చూశావా గస్, ఆడమనిషి ఎవరైనా ఉందా అందులో?" అన్నారు. "లేదు, ఉత్త పొగ" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. ఎందుకో చెప్పనా? నాకు కుళ్ళురా! మా నాన్న చెంప పగలగొట్టేవాడు, మీ నాన్న గంటమనిషిని గీసేవాడు. పైగా నా మూడో కథ కిందికి పోతుంది. నవ్వొస్తోందా? నాకూ వస్తోంది. ఒకసారి లేదన్నాక ఉందని ఎలా అనను? మరుసటేడు ఇంకా కష్టం. ఆపైన చెప్పనే అక్కర్లేదు.

ఏంటి... ఏ డబ్బా అంటావేంట్రా?

ఇర్మా చెప్పలేదా? మరి ఫోన్లో ఏం మాట్లాడుకున్నారు?

నా పుట్టినరోజా? రేపు... అవును, రేపే కదా. నాకే గుర్తులేదు. అయితే ఇర్మా చర్చి పేరు చెప్పి పోయింది... కేకు తేవడానికా? ఈ పుస్తకం... నాకా? నా సెట్టులో చిల్లు లేకుండా పోవాలనా? అందుకా నువ్వు టోలీడో పోయింది!

ఓరి దేవుడా. నా నోరు పడిపోను. నీకేం తెలీదు. మూత వంకరగా పెట్టింది నేనే అయ్యుంటాను. నువ్వు ఉత్తినే ఆ చిల్లు చూసి బాధపడుతూ కూర్చున్నావు, నేను నా అంతట నేనే...

ఆగు, ఆగరా. ఎక్కడికీ పోకు. సొరుగులోనే ఉంది.

ఇదిగో. నువ్వే తియ్యి. మెల్లగా, మడత దగ్గర చిరిగేలా ఉంది.

మొదటి బొమ్మ చూడు. మేడమీద కిటికీలో ఆవిడ. తడిపిన దుప్పటి విసిరి, వీరుణ్ణి చొక్కా పట్టి బయటికి లాగుతోంది. పన్నెండు కథల్లో వాణ్ణి ఒకరు కాపాడింది ఇదొక్కటేరా! అన్నిట్లోకీ గొప్ప కథ ఇదే. నాకు మొదటినుంచీ తెలుసు. కింద షాపు బోర్డు చదువు. "ఫైన్‌గోల్డ్ బేకరీ." మీ ఇంటిపేరే. మీ నాన్న సంతకం అదే.

రెండోది మొహం ఒక్కటే. తలకి గుడ్డ కట్టుకుంది, నవ్వుతోంది. ఎడమ బుగ్గన సొట్ట. నీకూ ఉంది సరిగ్గా అక్కడే.

నీకు మూడేళ్ళప్పుడు మీ అమ్మ పోయిందన్నావు కదా. చూడలేక మీ నాన్న ఫోటోలన్నీ పొయ్యిలో వేశాడని, మొహం ఎలా ఉండేదో గుర్తులేదని ఎన్నిసార్లు అన్నావో. నువ్వలా అన్న ప్రతిసారీ ఇంటికొచ్చి ఈ డబ్బా తీసి చూసేవాణ్ణి. మా అమ్మ మొహం కన్నా ఆవిడ మొహమే నాకు బాగా తెలుసు.

తిట్టరా. కొట్టు పోనీ. అలా దాన్నే చూస్తూ కూర్చోకు.

రెండున్నరకి క్లబ్బు. చీటీ నేనే రాస్తాను. ఏడోది మొదట, గీసినవాడు సాల్ ఫైన్‌గోల్డ్. క్లబ్బు పుస్తకంలో అలాగే అచ్చవుతుంది, నేనే నిలబడి అందరికీ చెప్తాను. అబద్ధమాడానని కూడా చెప్తాను. సరేనా? మిల్ట్?

వెళ్తున్నావా... అది తీసుకుపో, నీదే. జేబులో మడతపెట్టకు, చిరుగుతుంది. చేత్తోనే పట్టుకో.

ఒరేయ్, నీ పుస్తకం! బల్లమీదే వదిలేశావు.

ఆ... అవును. నాకోసం తెచ్చావు కదూ.