సంపెంగ వేళ్లకు నల్ల కవరు

ఎండిపోయిన సంపెంగ మొక్కను భర్త పెరట్లో పారతో తవ్వి పైకి తీశాడు. భార్య పక్కనే నిలబడి చూస్తోంది.

“ఏవండీ, వేళ్లకి నల్లగా అదేంటండి?”

“ప్లాస్టిక్ కవరు. నర్సరీలో మొక్కని దీంట్లోనే ఇచ్చేరు.”

“తీయకుండానే నాటేసేరా?”

“మా నాన్నగారు అలాగే నాటేవారు కదే. అప్పట్లో వేళ్ల మట్టికి వరిగడ్డి చుట్టి, అరటినారతో కట్టి ఇచ్చేవారు. ఆ కట్టతోనే గోతిలో పెట్టేసేవాళ్లం. నాలుగు వానలకి గడ్డి మట్టిలో కలిసిపోయేది. ఇదీ అంతేననుకున్నాను.”

“ఇది కలవలేదండి. పాపం, వేళ్లు చూడండి, దారి లేక లోపలే చుట్టుకుపోయేయి.”

“నేనేమో నిన్ను తిట్టేను. అంట్ల నీళ్లు పోసి మొక్కని చంపేస్తున్నావన్నాను.”

“ఆయ్, అన్నారు. అందుకేగా రెండేళ్లు కాలవ నుంచి బిందెతో మోసేను, ఈ మోకాళ్లతో.”

“ఒక్కసారైనా ఎదురు చెప్పొచ్చు కదా?”

“నిజంగా నా తప్పేననుకున్నానండి. మొదటి పువ్వు వాడపల్లి స్వామికని మొక్కుకున్నాం. రోజూ దీపం పెట్టి, నా చెయ్యి మంచిది కాకపోతే క్షమించు స్వామీ, ఒక్క మొగ్గైనా ఇయ్యి అని అడిగేదాన్ని.”

“శనివారం వాడపల్లి వెళ్దాం. ఈసారి క్షమించమని నేను అడుగుతాను.”

“వెళ్దాం లెండి. కానీ నీళ్లు మోసింది స్వామి కాదండి.”