బ్యాటరీ మార్చిన రోజు

నందిగామ కోర్టు ఎదుటి డీటీపీ షాపు కంప్యూటర్లో రోజూ తేదీ వెనక్కి పోతుంది. బయాస్‌లోకి, అంటే కంప్యూటర్ లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని సరిచేయడానికి మెకానిక్ ఎప్పట్లాగే పదింటికి వచ్చాడు. షాపమ్మాయి అప్పటికే టైపు చేస్తోంది.

"ఇవాళ తేదీ వెనక్కి పోలేదా?"

"లేదండి. నిన్న జగ్గయ్యపేట దిలీప్ గారు మదర్‌బోర్డు మీద బ్యాటరీ మార్చారు."

"అతన్నెవరు పిలిచారు?"

"ప్రింటర్ చూడ్డానికొచ్చారు. రెండు నిమిషాల పనంటూ ఇదీ చేసేశారు."

"బయాస్ సెట్టింగులన్నీ పాడుచేసుంటాడు. లేవండి, చూస్తా."

"అన్నీ బాగానే ఉన్నాయి. టీ తాగి మరీ చూసుకుని వెళ్ళారు."

"టీ కూడా ఇచ్చారా? ఆర్నెల్లుగా వస్తున్నా, నన్ను మంచినీళ్ళయినా అడిగారా?"

"తలెత్తకుండా తేదీ మార్చి వెళ్ళిపోతే ఎవర్ని అడగను? అయినా, పోయింది బ్యాటరీయేనని ఆర్నెల్లలో మీకు తెలియలేదా?"

"తెలుసు."

"మరి మార్చలేదేం?"

"మారిస్తే రోజూ రావడానికి పనేముంటుందండీ?"

"తేదీ మార్చడం మొదటి వారమే మిమ్మల్ని చూసి నేర్చుకున్నా. అయినా మీరొచ్చేదాకా కంప్యూటర్ ముట్టుకునేదాన్ని కాదు."