బండికి వానకాళ్లు

బొంజుబాబు జీపు కొనుక్కొచ్చీసినాడు. మా ఊరోడే, వంతాలోళ్ల పెద్దోడు. జీపంటే మామూలు జీపనుకోకు బాబూ, పదిమంది కూకునే పెద్ద జీపు. మా కొండమీంచి కిందాసుపత్రికి ఎల్లాలంటే అదొక్కటే దిక్కనుకో. కొన్నాడు బానే ఉంది, మొదటి వానకే ఘాటీలో జారిపోనాది. జారి అడ్డంగా తిరిగి కొండకి కొట్టుకుంది. అదే అటేపు తిరిగుంటే లోయలోకే. ఈడు బెదిరిపోయి కింద టౌన్లో టైర్ల కొట్టుకి పరిగెట్టినాడంట. కొట్టాయన ఏమన్నాడంటే, నీ కొండకి ఒక రకం టైరు సాలదు నాయనా, ఎండకి ఏరే, వానకి ఏరే పెట్టుకోవాల అన్నాడంట. ఎండవాటికి గీతలు సన్నం, తారు మీద సుకంగా పోతాయి. వానవాటికి గాడులు లోతు, బురదని పట్టుకుంటాయి. అయితే ఒకే రిమ్ముకి మాటిమాటికీ టైరు ఇప్పి ఎక్కిస్తే అంచు సిరిగిపోద్ది, రిమ్ములతో సహా రెండు సెట్లు పెట్టుకో, ఇంటికాడ నువ్వే బిగించుకోవచ్చు. మరి వానకి ఎడల్పువి తీసుకోనా అని ఈడడిగితే, ఒద్దు, సన్నవే తీసుకో, బురదని కోసుకుని కింద గట్టినేల మీద ఆనతాయి అన్నాడంట. ఈడు అలాగే తెచ్చినాడు. మా ఊళ్లో ఆటికి పేర్లెట్టీసినారు: ఎండకాళ్లు, వానకాళ్లు.

ఇక్కడే తిరకాసు. మొదటేడు ఈడు వానకాళ్లు ఎక్కించిన రోజూ, ఊళ్లో నాగలి కట్టిన రోజూ ఒకటే అయిపోనాది. ఆ ఏడు సామ ఇరగపండింది. రెండో ఏడు వారం ముందే ఎక్కించీసినాడు. ఏటైందంటే, నెల్లాళ్లు సుక్క రాలలేదు. మొలకలు సేలోనే మాడిపోనాయి. ఆ ఏడు పిల్లలకి సింతపిక్కలు ఉడకబెట్టి పెట్టినాం బాబూ, నా సేత్తోనే పెట్టినాను. మరి ఊరంతా ఏమంటాది? వాన రాకముందే వానకాళ్లు ఎక్కించినాడు, వాన అలిగి ఎల్లిపోనాది అంది. సుక్రు దిసారి ఉన్నాడు గదా, దిసారంటే మాకు మంచి దినాలు సూసి సెప్పే పెద్ద, ఆయన కట్టడి సేసీసినాడు. ఏమని? ఇకమీదట నాను దినం సెప్పేవొరకూ నాగలి కట్టకూడదు, బండికి వానకాళ్లూ కట్టకూడదు. బొంజుబాబు సరేననీసినాడు. అనక ఏం సేస్తాడు? ఆడి పిల్లలూ ఆ సింతపిక్కలే తిన్నారు.

ఇప్పుడసలు సంగతి ఇను. ఆ మరుసటేడు వాన ముందే దిగిపోనాది. దిసారి సెప్పిన దినానికి ఇంకా మూడ్రోజులుంది. ఆ పొద్దున్నే దిసారి కోడలు సిలకమ్మకి నొప్పులొచ్చినాయి. మొగుడు కింద పనికెల్లిపోయి ఉన్నాడు. నర్సమ్మ వొచ్చి కడుపు మీద సెయ్యేసి సూసి, బిడ్డ అడ్డంగా ఉంది, మద్దేనం లోపు ఆసుపత్రిలో పడకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అని సెప్పీసింది. బొంజుబాబు వానకాళ్లేపు సూసినాడు. దిసారి మొకమేపు సూసినాడు. "మావా, గంటలో మార్చీస్తాను" అన్నాడు. దిసారి ఒకసారి కోడలేపు తిరిగినాడంట, అయినా "మూడ్రోజులుందిరా, ఊరి తిండిరా అది" అన్నాడు. అప్పుడీడు ఏం సేసినాడనుకున్నావ్? నాలుగు వానకాళ్లూ జీపు మీదకెక్కించి తాడేసి కట్టీసినాడు. మోసుకెల్లడానికి కట్టడి నేదు గదా! పొలిమేర దాటినాక ఎవడూ సూడకుండా బిగించుకుందామని ఈడి ఎత్తు. తీరా సూస్తే దిసారి కూడా జీపెక్కి, ఈడి పక్క సీట్లోనే కూకున్నాడు.

ఇక సూడు బాబూ, ఎనక సిలకమ్మ కేకలు, పక్కన నర్సమ్మ, ముందు వాన. నాను ఆ జీపులో లేను గాని, ఉంటే బయానికే పోదును. సిలకమ్మ సెప్పిందే నాను సెప్తున్నాను. ఘాటీలో మూడో మలుపు కాడ ఎర్రబురద దారి మీదకి జారిపోయి ఉంది. బొంజుబాబు బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. స్టీరింగు తిప్పితే తిరగలేదు. నెమ్మదిగా, ఎవరో లాగుతున్నట్టు, లోయేపు పోతానే ఉందంట. గబుక్కున పడిపోతే అరిసీవోళ్లేమో, నెమ్మదిగా పోతుంటే అందరూ సీట్లు పట్టుకుని కూకున్నారంట. అంచు కాడ ఒక రాయి ఉంది, దానికి ఎనక సక్రం తగిలి ఆగింది. ముందు సక్రం సగం గాల్లో. సిలకమ్మకి కిటికీలోంచి దారి కనబడలేదు, కింద సెట్ల తలలే కనబడినాయి.

ఒక్కొక్కళ్లూ కొండేపు తలుపులోంచి పాక్కుంటా దిగినారు. సిలకమ్మని దుప్పట్లో దింపి గట్టు మీద పడుకోబెట్టి, గొడుగు పట్టింది నర్సమ్మ. అప్పుడు సిలకమ్మ మావ సెయ్యి పట్టుకుని, "మావా, దినం సెప్పీది నువ్వే గదా, ఇప్పుడే సెప్పీయ్. నాకు సావాలని నేదు మావా" అంది. దిసారి ఆకాశమేపు సూడలేదు, సేతి ఏళ్లు ముడిసి లెక్కెయ్యలేదు. "ఇదే దినం, ఇదే దినం, కట్టరా బొంజూ, కట్టు" అని ఏడిసీసినాడు. కట్టీదానికి ముందు బండిని ఎనక్కి లాగాల గదా. తాడు ఇప్పి మద్దిసెట్టుకి సుట్టి దిసారీ బొంజుబాబూ లాగి, ఇంజిను పెట్టి, ఎలాగో నాలుగు సక్రాలూ నేల మీదకి తెచ్చినారు. సక్రాలకి రాళ్లు అడ్డమెట్టి, జాకీ బురదలో దిగిపోతుంటే దాని కింద పలకరాయి ఎట్టి, నట్లు ఇప్పుతుంటే, జాకీ పలకరాయి మీంచి ఒక్క ఏలెడు పక్కకి జరిగిందంట. దిసారి లోయేపు ఎల్లి బండికి ఈపు ఆనించి నిలబడినాడు. డెబ్బయ్యేళ్లోడు ఆపితే జీపు ఆగుతాదా? అయినా నాలుగో సక్రం బిగిసేదాకా కదల్లేదు.

కిందికి దిగినారు బాబూ. బురదలోంచే దిగినారు. కడుపు కోసి ఆడపిల్లని తీసినారు, తల్లీ బిడ్డా దక్కినారు.

మూడ్రోజులకి దిసారి ఊరికొచ్చినాడు. ఊరంతా సుట్టూ మూగీసి, నడిదారిలో దినం ఎలాగ సెప్పినావు, ఏం లెక్క కట్టినావు, ఇప్పుడు వాన పోతే మా గతేటి అని అడిగినారు. ఆయన దాసుకోలేదు. "లెక్క నేదు. బయమేసింది, సెప్పీసినాను. ఇన్నేళ్లూ సెప్పిన దినాలూ అంతే, బయపడే సెప్పినాను" అన్నాడు.

ఆ ఏడు వాన కురిసిందా అని అడుగుతావు. కురిసిందిలే. కానీ మాకు మటుకు ఆ మాటతో నిద్ర ఎల్లిపోనాది. ముందు మా బయమంతా ఆ ముసిలోడొక్కడే పడీవోడు, మేం కడుపునిండా నిద్రోయీవోళ్లం. ఇప్పుడు మబ్బు పట్టిందంటే ఎవరికాళ్లే లేచి వాకిట్లోకెల్లి సూసుకోవాల.