ఉప్పు తెలియని నాలుక

చెంబులో తేటగా ఉన్న నీళ్లు గుక్కెడు తాగి, విషమేమోనని ఆమె ఉమ్మేసింది. పక్కనే నిన్న నింపిన ఉప్పు డబ్బా ఖాళీగా ఉంది. అత్త కరోనాతో పోయినప్పటి నుంచి పాండేసర మిల్లు బస్తీలోని ఆ ఒంటిగదిలో భార్యాభర్తలిద్దరే.

“ఏందయ్యా, డుమస్ సముద్రాన్ని ఇంటికి తెచ్చినవా?”

“పుక్కిలిద్దామని కలిపిన. ఏసిందేసినట్టు కరిగిపోతాంది. ఎంతేసినా తెలుస్తలేదు.”

“నోట్లె పోస్కుంటె తెల్వదా?”

అతను చెంబెత్తి ఓ గుక్క మామూలు నీళ్లలా మింగాడు.

“ఎప్పటి సంది?”

“అమ్మ మంచం పట్టకముందు సంది.”

“కూరగాయలకు వోయి నేనే రోగం తెచ్చిన్నని అందరు తిడుతుంటే ఊకున్నవా?”

“మిల్లుల పని పోతదని దాచిన. రుచి వోయిన పొద్దున అమ్మ తాగుతున్న జావ గ్లాసు నాకిచ్చి, ఉప్పు చూడమన్నది. తాగిన. ఏం తెల్వలే. రోగమని సమజైంది. అయినా సరిపోయిందమ్మా అని, గా గ్లాసే మళ్ల ఆమె చేతికిచ్చిన.”